నలభై దాటాక కొత్త స్నేహాలు కుదురుతాయా? నాకు నడి ఏట్లో కుదిరింది

నలభై దాటాక, అదీ దేశం కాని దేశంలో, ఆడవాళ్లకి కొత్తగా దగ్గరి స్నేహితురాలు దొరుకుతుందా అని ఎవరో అడిగారు. నాకు నలభై నాలుగో ఏట దొరికింది, చేపలు పడుతుంటే. ఆవిడ నాకంటే పంతొమ్మిదేళ్లు పెద్ద. అమెరికన్, స్కూల్ బస్సు నడిపి రిటైరయింది.

మేముండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో. పుట్టింది పశ్చిమగోదావరిలో, కాలువ పక్క ఊళ్లో. ఆదివారం నాన్న గాలం తీసుకుని గట్టుకి బయల్దేరితే తమ్ముడు వెంట పోయేవాడు. నేనూ వస్తానంటే "గట్టు మీద నీకేం పనే" అనేవారు. వానపాములు తవ్విపెట్టే డ్యూటీ మాత్రం నాదే. అది మనసులో ఎక్కడో ఉండిపోయిందనుకుంటా, మా అబ్బాయి కాలేజీకి వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిన ఏడాది లైబ్రరీ నోటీసు బోర్డు మీద "ఫ్లై ఫిషింగ్, ఉచితంగా నేర్పుతాం" అన్న కాయితం చూసి, ఎవరికీ చెప్పకుండా పేరు రాయించేసుకున్నా.

ఫ్లై ఫిషింగ్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మన గాలంలో బరువు కొసన ఉంటుంది, ఆ సీసం గుండే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ కొసన ఉండేది ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు, దానికి బరువే ఉండదు. బరువంతా దారానిదే. తొమ్మిదడుగుల కర్రతో ఆ దారాన్ని వెనక్కి విసిరి, అది గాల్లో పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకి వెయ్యాలి. అంతా ఆ ఆగడంలోనే ఉంది, మనకి చేతకానిదీ అదే. పార్కు గడ్డి మీద ప్రాక్టీసు చేయిస్తుంటే నేను చీపురుతో బొద్దింకని బాదినట్టు బాదుతున్నా. వెనకనుంచి ఎవరో "తొందరేంటి? తల తిప్పి చూడు, నీ దారం ఇంకా వెనకే ఉంది" అన్నారు. నేర్పడానికి వచ్చిన వాలంటీర్లలో ఆవిడొక్కతే ఆడమనిషి. నేర్చుకోడానికి వచ్చిన పన్నెండు మందిలో ఆడవాళ్లం ఇద్దరం, అందులో ఒకావిడ భర్తని దింపడానికొచ్చి ఉండిపోయిందట.

పై శనివారం ఆవిడే నన్ను కెన్ లాక్‌వుడ్ గార్జ్‌కి తీసుకెళ్లింది. రారిటన్ నది దక్షిణ పాయ అక్కడ బండల మధ్య, చెట్ల నీడలో గలగలా పారుతుంది. మా ఇంటి నుంచి గంట ప్రయాణం, పదిహేనేళ్లుగా ఇక్కడే ఉండి ఒక్కసారీ చూడలేదు. అవతలి ఒడ్డుకి దాటాలి. నీళ్లు తొడల దాకా, కింద నూనె రాసినట్టు జారే రాళ్లు. ఆవిడ ఎగువ పక్కన నిలబడి ప్రవాహపు తోపు తన మీదకి తీసుకుని, నా చేతిలో చెయ్యి మెలేసింది. ఒకళ్లు పాదం ఆనించి నిలదొక్కుకున్నాకే రెండోవాళ్లు అడుగెయ్యాలి. ముప్ఫై అడుగుల వెడల్పుకి పది నిమిషాలు పట్టింది. పరిచయమై వారమే. మా ఆయన చెయ్యి కూడా అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు, తాళి కట్టాక ఏడడుగులు నడిచినప్పుడు తప్ప.

దాటాక ఎవరి దారి వాళ్లదే. యాభై అడుగుల దూరంలో, ఒకళ్లకొకళ్లు వీపు పెట్టి, నాలుగు గంటలు మాటా పలుకూ లేదు. మాటలన్నీ తర్వాత, కారు డిక్కీ తెరిచి దాని అంచున కూచుని తడి సాక్సులు పిండుకునేటప్పుడు. ఎదురెదురుగా కూచుని కాఫీ తాగితే ఏం మాట్లాడాలా అని టెన్షన్ పడేదాన్ని. ఇద్దరి చూపూ నది మీద ఉంటే ఏదైనా చెప్పుకోవచ్చు. ఆవిడ కుడిచేతికి ఎప్పుడూ బిగుతుగా ఒక తొడుగుండేది, ఎండకి వేసుకుంటోందనుకున్నా. ఏడాది తర్వాత ఓ రోజు దారానికి ముడి వేస్తూ, తలెత్తకుండానే చెప్పింది, రొమ్ము ఆపరేషన్ అయ్యాక చెయ్యి వాస్తుంది, అందుకని. తను ఇందులోకి వచ్చిందీ అలాగే. 1996లో వెర్మాంట్‌లో మొదలైన 'కాస్టింగ్ ఫర్ రికవరీ' అనే సంస్థ రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లని రెండున్నర రోజులు ఉచితంగా తీసుకెళ్లి ఫ్లై ఫిషింగ్ నేర్పుతుంది. కర్రని ముందుకీ వెనక్కీ ఆడించే ఆ కదలికా, ఆపరేషన్ తర్వాత చేయించే చేతి వ్యాయామమూ ఇంచుమించు ఒకటే. నాకేమనాలో తెలీక "ముడి సరిగ్గా పడిందా" అన్నా. పడిందంది.

నాన్న గట్టుకి రానివ్వని సంగతి చెబితే ఆవిడ నవ్వి, ఫ్లై ఫిషింగ్‌లో పేరు మోసిన జోన్ వుల్ఫ్ కథ చెప్పింది. ఆమెదీ న్యూజెర్సీనే, ప్యాటర్‌సన్. వాళ్ల నాన్న కొడుక్కే నేర్పుతున్నాడని పదేళ్లప్పుడు ఆయన కర్ర పట్టుకెళ్లి, దాని కొస కాస్తా చెరువులో పడేసుకుంది. తర్వాత ఆ పిల్లే దారం విసిరే పోటీల్లో 17 జాతీయ టైటిళ్లు గెలిచింది, 1951లో దూరం విసిరే పోటీలో మగవాళ్లందర్నీ ఓడించింది, 1960లో 161 అడుగులు విసిరింది. 1979లో భర్తతో కలిసి న్యూయార్క్ క్యాట్‌స్కిల్ కొండల్లో స్కూలు కూడా పెట్టింది. అంతకు చాలా ముందే, 1932లో, అక్కడి ఆడవాళ్లు తమకంటూ 'ఉమన్ ఫ్లైఫిషర్స్ క్లబ్' పెట్టుకున్నారు. ఇవన్నీ తెలిసి నాన్న మీద కోపం పోయిందా అంటే, లేదు. తమ్ముడికి మాత్రం ఫోన్ చేసి జోన్ గురించి గొప్పలు చెప్పా.

మమ్మల్ని నిజంగా కలిపింది మాత్రం కోడి ఈకలు. చలికాలం నదికి వెళ్లడం తగ్గుతుంది, అప్పుడు వాళ్లింటి వంటగది బల్ల దగ్గర కూచుని పురుగులు చుడతాం. పుంజు మెడ ఈకని కొక్కేనికి చుడితే పోగులు నలువైపులా విచ్చుకుని నీటి మీద తేలుతుంది. ఆవిడ దగ్గర డబ్బా నిండా రంగు రంగుల మెడ ఈకలు. ఓ రోజు తెలుపూ నలుపూ కలిసిన ఈక ఒకటి తీసింది, నా నోట్లోంచి అప్రయత్నంగా "పర్ల" అని వచ్చేసింది. అదేంటంది. మా తాతయ్య సంక్రాంతి పందేల మనిషి, ఈక రంగుని బట్టి పుంజుకి పేరుంటుంది, ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ అని వరసగా చెప్పా. పందేలు నాకెప్పుడూ ఇష్టం లేదు, పేర్లు మాత్రం నాలిక మీదే ఉన్నాయి. 1922లో మిచిగన్‌లో పుట్టిన 'ఆడమ్స్' అనే ఉత్తుత్తి పురుగుంది, అమెరికాలో ఇది లేని డబ్బా ఉండదేమో. దానికి గోధుమ ఎరుపు ఈకా, చారల ఈకా కలిపి చుడతారు. అంటే డేగా, పర్లా! ఆవిడకి ఇది ఎంత నచ్చిందంటే, ఇప్పుడు షాపుకెళ్లి "పర్ల ఉందా" అని అడుగుతుంది. అమ్మేవాడు తెల్లమొహం వేస్తే నా వైపు తిరిగి కన్ను కొడుతుంది.

అన్నీ సాఫీగా సాగాయని కాదు. రెండో ఏడు ఏప్రిల్ చివర క్యాట్‌స్కిల్స్‌లో రాస్కో దగ్గరికి వెళ్లాం. మధ్యాహ్నం రెండింటికి నీళ్లలోంచి హెండ్రిక్సన్ అనే పురుగులు లేచాయి, తొలకరి వానకి మన దగ్గర ఉసిళ్లు లేచినట్టే. నది పొడుగునా చేపలు మూతులు పైకి పెట్టి మింగుతున్నాయి. నా కొక్కేనికి పెద్ద బ్రౌన్ ట్రౌట్ పడింది, నా జీవితంలో అంత పెద్దది అదే. ఒక చేత్తో దాన్ని గాల్లో పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ కోసం జేబులన్నీ తడుముకుంటున్నా. "నువ్వు కూడా ఊపిరి బిగపట్టు, ఎంతసేపు ఆగగలవో చూద్దాం" అని ఆవిడ అరిచింది. పట్టిన చేపని మేం మళ్లీ నీళ్లలోకే వదిలేస్తాం. వదిలాక అది కాసేపు పక్కకి ఒరిగే ఉంది. తిరుగు ప్రయాణంలో ఇద్దరం మాట్లాడుకోలేదు, పది రోజులు ఫోనూ లేదు. తప్పు నాదే, కానీ అందరి ముందూ అరిచిందని నాకూ ఉక్రోషం. పదకొండో రోజున పోస్టులో చిన్న కవరు వచ్చింది, లోపల తను చుట్టిన ఆడమ్స్ రెండు, నీటి వేడి చూసే థర్మామీటరు, ఒక చీటీ: "68 దాటితే కర్ర బయటికి తియ్యొద్దు. అక్క." నేను పిలిచే పిలుపునే సంతకంగా పెట్టింది. 68 అంటే ఫారెన్‌హీట్ లెక్క, మన ఇరవై డిగ్రీలు. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది, పట్టి వదిలినా ట్రౌట్ బతకడం కష్టం. అందుకే వేసవిలో ఎండలు ముదిరితే మేం కర్రలు పక్కన పెట్టేసి మన ఇండియన్ దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో చాట్ తిని వస్తాం.

పోయినేడు మా అమ్మ వచ్చినప్పుడు ఒకరోజు ఏటి ఒడ్డున కుర్చీ వేసి కూచోబెట్టాం. అక్క పట్టిన చేపని తడి చేతుల్తో నిమిరి వదిలేస్తుంటే అమ్మ ఆగలేకపోయింది. "తిననప్పుడు పట్టడమెందుకే, దాన్ని ఏడిపించడానికా? పులుసుకి ఒక్కటన్నా ఉంచమను." ఉన్నదున్నట్టు తర్జుమా చేశా. అక్క ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం సూపర్ మార్కెట్ సంచీతో, ఐసులో పెట్టిన రెండు ట్రౌట్లతో మా గుమ్మంలో నిలబడింది. అమ్మ చింతపండు నానేసింది, ముగ్గురం కూచుని తిన్నాం. మెత్తటి చేప, ముక్క విడిపోతోందనీ, దీనికి వేపుడే నయమనీ అమ్మ తేల్చేసింది. అక్క మూడోసారి వడ్డించుకుంటోంది.