చైనా కారు తెప్పించుకోవాలన్న తమ్ముడికి

తమ్ముడూ, చైనాలో ఎనిమిదీ తొమ్మిది లక్షలకి వస్తాదని బివైడి కంపెనీ కరెంటు కారు సీగల్ తెప్పించి పలాసలో తిప్పుతానన్నావు కదా, ఆగు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, మన రూలు కుడివైపు. సరే ఇంకేదో దేశంలో కుడిచేతి బండి దొరికిందే అనుకో, బ్యాటరీ భద్రతకి ఏఐఎస్-038 అనే టెస్టు, క్రాష్ టెస్టు అన్నీ అయిన టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్ మన రోడ్డుకి పనికొస్తాదన్న అనుమతి, లేకపోతే ఆర్టీవో ఆఫీసులో నంబరివ్వరు, ఆ టెస్టులు పుణెలో బండ్లు పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి చోట కంపెనీలు చేయించుకునేవి, ఒక్క కారుకి నీవల్ల ఏటవుద్ది? దిగుమతి డ్యూటీ 70 శాతం, అదీ ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలిపిన ధర మీద, ఆపైన జీఎస్టీ.

దాని బదులు టాటా వాళ్ల కరెంటు కారు పంచ్ ఈవీ చూడు, 2024లో భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు. కొనేముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించుకో, నరసన్నపేటలో మా ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేక కారు ఛార్జర్ ఎర్రలైటు దాటలేదు, గుంత తీసి బొగ్గూ ఉప్పూ వేసి కొత్త ఎర్త్ దించాకే పచ్చలైటు వెలిగింది.