బుజ్జీ, క్యూ పెంచకు

రాజోలు,
ఆదివారం పొద్దున్న

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్యాచ్, అదే లినక్స్ కోడ్‌లో నువ్వు చేసిన మార్పు, రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేకుండా చదివి బానే ఉందనుకున్నాను. రెండోసారి చదివాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కోడ్ శుభ్రంగానే ఉందిరా, ఆలోచనే పక్కదారి పట్టింది. నీ గదిలో ఆ చిన్న బోర్డు మీద లినక్స్ వేసి రూటర్ చేశావు. ఈథర్నెట్ పోర్టు దగ్గర ప్యాకెట్లు, అంటే డేటా మూటలు, రాలిపోతున్నాయని కనిపెట్టావు. రాలకుండా ఉండాలని ఆ పోర్టుని నడిపే డ్రైవర్‌లో క్యూ, అంటే ప్యాకెట్లు ఆగే వరస, పొడవు వెయ్యి నుంచి పదివేలు చేశావు. పారేసిన ప్యాకెట్లు లెక్కపెట్టే డ్రాప్ కౌంటర్ సున్నా అయిందని సంబరంగా రాసి, పక్కన అప్‌లోడ్ నడుస్తుంటే వీడియో కాల్ మాత్రం ఇదివరకటికన్నా ఘోరంగా ఉందని చివర్లో ఓ ముక్క తగిలించావు. అసలు సంగతి ఆ చివరి ముక్కలోనే ఉంది.

నిన్ను తిట్టే ముందు నా తప్పు చెప్పుకుంటాను.

మూడేళ్ళ కిందట మనింట్లో కొత్త కనెక్షన్ పెట్టించినప్పుడు, వాళ్ళిచ్చే పెట్టె నాకెందుకని పాత కంప్యూటర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు తగిలించి దాన్నే రూటర్ చేశాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి, ఆ మాత్రం చేసుకోలేనా అని పొగరు. పైగా నా పెట్టె ఉందో లేదో బయటివాడెవడికీ తెలియకూడదని, నెట్‌వర్క్ పెట్టెలు ఒకదానికొకటి కబుర్లు చెప్పుకునే ఐసీఎంపీ అన్నది ఏదీ ఆ పెట్టె తనంతట తాను పంపకుండా ఫైర్‌వాల్‌లో ఒక రూలు రాసి పడేశాను.

వారం తిరక్కుండా పక్కింటి మేష్టారు పట్టాదారు పాసుపుస్తకం ఫొటో మెయిల్ చెయ్యాలని వచ్చారు. ఉత్తరం ఒక్కటే పంపితే వెళ్తోంది, ఫొటో తగిలిస్తే చక్రం తిరుగుతూనే ఉంది. "నెట్ ఉందండి ఆయ్, బరువు మొయ్యలేకపోతోందండి" అన్నారాయన. రోగం పేరు ఆయనే చెప్పేశారు, నా తలకే ఎక్కలేదు. డీఎన్‌ఎస్ మార్చాను, కేబుల్ మార్చాను, కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేసి అరిచాను. మూడు రోజులు పోయాయి.

నాలుగో రోజున, వచ్చే పోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టుకు కూర్చున్నాను. మొదటిరోజే కూర్చోవలసింది. ఇంట్లో కంప్యూటర్ నుంచి 1448 బైట్ల ముక్క బయల్దేరింది. జవాబు లేదు. అదే వరస నంబరుతో అదే ముక్క మళ్ళీ బయల్దేరింది. కాసేపాగి మళ్ళీ. ఆగే వ్యవధి ప్రతిసారీ రెట్టింపవుతోంది. చిన్న ముక్కలకి మాత్రం జవాబులు ఠంచనుగా వస్తున్నాయి. అప్పుడు 'ఉన్నావా' అని అడిగి జవాబు చూసే పింగ్‌కి 'దారిలో ముక్కలు చెయ్యొద్దు' అనే జెండా పెట్టి 1472 బైట్లతో కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. 1464తో కొడితే జవాబొచ్చింది. వాటికి హెడర్ల బరువు 28 బైట్లు కలుపుకో. 1500 పట్టడం లేదు, 1492 పడుతోంది. ఆ తేడా 8 బైట్లూ మన కనెక్షన్ నడిచే పీపీపీఓఈ పద్ధతి తన హెడర్ కోసం తీసుకున్నవి.

ఇలాంటప్పుడు రూటర్ ఏం చెయ్యాలి? 'ఇంత పెద్దది పట్టదు, 1492కి తగ్గించుకో' అని పంపినవాడికి ఐసీఎంపీలో కబురు పెట్టాలి. 1990లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1191 అనే ఇంటర్నెట్ పత్రంలో ఉన్న పద్ధతే అది. నా రూటర్ ఆ కబురు రాసింది కూడా. గుమ్మం దాటకుండా నా రూలే దాని నోరు నొక్కేసింది. రూలు తీసేశాను, ఫొటో వెళ్ళింది, మేష్టారు కాఫీ తాగి వెళ్ళారు. ఫోన్లో అనవసరంగా అరిచినందుకు వాళ్ళకి మళ్ళీ ఫోన్ చేసి తప్పయిందని చెప్పలేదు. ఆ బాకీ అలాగే ఉంది.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తాను. నేను ఐసీఎంపీ నోరు నొక్కాను, నువ్వు డ్రాప్ నోరు నొక్కావు. దారిలో లింకు ఎంత ఇరుకో, డేటా పంపి జవాబు చూసుకునే టీసీపీకి ముందుగా ఎవడూ చెప్పడు. లినక్స్‌లో మామూలుగా నడిచే క్యూబిక్ అనే టీసీపీ పద్ధతి అయితే, ప్యాకెట్ పోయిందంటే ముందు ఇరుకుందని తెలుసుకుని జోరు తగ్గిస్తుంది. క్యూ పదివేలు చేస్తే ప్యాకెట్ పోదు. పోకపోతే కబురు అందదు. అందకపోతే పంపేవాడు తోస్తూనే ఉంటాడు.

లెక్క వేసి చూడు. 1500 బైట్ల ప్యాకెట్లు వెయ్యి అంటే 15 లక్షల బైట్లు, అంటే 1 కోటీ 20 లక్షల బిట్లు. అవతలి పెట్టె పాతది కాబట్టి నీ లింకు 10 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతోందన్నావుగా, నిండిన క్యూ ఖాళీ కావడానికి 1.2 సెకన్లు. పదివేలయితే 12 సెకన్లు. నువ్వు కాల్‌లో "హలో" అంటే ఆ మాట ఆ వరసలో ఆఖరున నిలబడాలి.

1986 ఆగస్టు వరద నీకు తెలియదు, మీ నాన్నని అడుగు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. లంకలన్నీ నీళ్ళలో ఉన్నాయి. నేను ఉద్యోగంలో కొత్త, ట్రంక్ బుకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఊళ్ళో వాళ్ళందరికీ రాజమండ్రి, కాకినాడ, హైదరాబాదు ఒకేసారి కావాలి. ఉన్న లైన్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎవర్నీ కాదనలేక అందరి చీటీలూ తీసుకుని దొంతర పెట్టాను. గంటైనా కాల్ రాలేదని అదే మనిషి వచ్చి అదే నంబరుకి ఇంకో చీటీ రాయించేవాడు. తీరా లైను కలిసి పేరు పెట్టి పిలిస్తే మనిషి ఉండడు, ఏటిగట్టు మీదికి వెళ్ళిపోయి ఉంటాడు. లైన్లు ఖాళీ లేకుండా పనిచేశాయి, మాటలు మాత్రం నడవలేదు. సాయంత్రం మా సూపర్‌వైజరు వచ్చి సగం చీటీలు తీసి బుట్టలో పడేసి, "బల్ల మీద ఇరవై దాటితే కొత్తది రాయకు, లేదని చెప్పు, మనిషి వేరే దారి చూసుకుంటాడు" అన్నారు. నాకు చాలా కష్టమనిపించింది. రాత్రికి మాటలు నడిచాయి.

విచిత్రం చూడు, ఆ ఏడాది అక్టోబరులోనే అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య, నాలుగు వందల గజాల దూరానికి, వేగం సెకనుకి 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. లైను తెగలేదు. జవాబు రాలేదని పంపిందే మళ్ళీ పంపడం, నా బల్ల మీద చీటీల్లాగా. దాని కారణాలు తవ్వి వ్యాన్ జాకబ్సన్ 1988లో రాసిన పేపర్ నుంచే టీసీపీకి ఈ వెనక్కి తగ్గే గుణం వచ్చింది. నేనది చదివింది ఎన్నో ఏళ్ళ తర్వాత. చదువుతుంటే మా సూపర్‌వైజరే గుర్తొచ్చారు.

కాబట్టి ఆ పదివేలు తీసెయ్యి. నీ డ్రైవర్‌కి నిజంగా లేనిది బీక్యూఎల్, అంటే క్యూకి బైట్లలో హద్దు పెట్టే ఏర్పాటు. 2012లో లినక్స్ 3.3తో వచ్చింది. పంపాల్సిన ప్యాకెట్లు పెట్టే చిప్ రింగులో ఒక్కసారిగా ఎన్ని బైట్లు పొయ్యాలో లినక్స్ గుండెకాయ కెర్నల్ తనే లెక్క కట్టుకుంటుంది. నువ్వు చెయ్యాల్సింది ప్యాకెట్ చిప్‌కి అప్పజెప్పేటప్పుడు ఇన్ని బైట్లు పంపానని, పని పూర్తయ్యాక ఇన్ని పూర్తయ్యాయని, రింగు తుడిచి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు లెక్క సున్నా చెయ్యమని చెప్పడం. మూడు చోట్ల మూడు పిలుపులు. ఆ తర్వాత క్యూని నడిపే పద్ధతి మార్చు, పాత పీఫైఫో ఫాస్ట్ తీసి ఎఫ్‌క్యూ కోడెల్ పెట్టు. అది ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. నిలబాటు 5 మిల్లీసెకన్లకి దిగకుండా 100 మిల్లీసెకన్లు గడిస్తే డ్రాప్ మొదలుపెడుతుంది. అయితే వరస చిప్ రింగులో కాక దాని చేతిలో ఉంటేనే కదా దాని తెలివి పనిచేసేది. అందుకే ముందు బీక్యూఎల్.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, పడకు. ఈథర్నెట్‌లో 60 బైట్లకి తక్కువైన ప్యాకెట్‌కి కొన్ని డ్రైవర్లు సున్నాలు నింపి పొడవు పెంచుతాయి. పంపినట్టు చెప్పే లెక్క నింపకముందు తీసుకుని, పూర్తయినట్టు చెప్పే లెక్క నింపాక తీసుకున్నావనుకో, పంపినదానికన్నా పూర్తయింది ఎక్కువవుతుంది, కెర్నల్ అక్కడికక్కడే కూలబడుతుంది. తక్కువ చెబితే ఇంకా చెడ్డ, క్యూ ఆగిపోయి కాసేపటికి కెర్నల్‌లో కాపలా కాసే వాచ్‌డాగ్ టైమౌట్ అని మొరుగుతుంది. నువ్వేమో హార్డ్‌వేర్ పాడైందనుకుని చిప్ మారుస్తావు.

టీసీపీడంప్ కూడా కొత్తవాళ్ళని రెండు చోట్ల బెదరగొడుతుంది. బయటికి పోయే ప్యాకెట్లకి చెక్‌సమ్ (డేటా చెడలేదని చూసే లెక్క) తప్పని చూపిస్తుంది. అది నింపే పని కార్డుది, టీసీపీడంప్ దాన్ని అంతకుముందే చూస్తుంది. అలాగే 1500 దాటిన పొడవులు కనిపిస్తే ముక్కలు చేసే పని కార్డుకి వదిలారని అర్థం. అనుమానంగా ఉంటే ఈథ్‌టూల్ అనే పనిముట్టుతో కార్డుకి అప్పజెప్పిన ఆ పనులు (ఆఫ్‌లోడ్లు) ఆపేసి మళ్ళీ చూడు.

ప్యాకెట్ కెర్నల్ లోపలే రాలిపోతోంటే ఊహించకు. లినక్స్ 5.17 నుంచి కేఫ్రీ ఎస్‌కేబీ ట్రేస్‌పాయింట్, అంటే ప్యాకెట్ పారేసిన చోటు చూపే గుర్తు, ఎందుకు పారేసిందో కారణం కూడా చెబుతోంది. కాలువ మీద లస్కరు శివారు రైతు గోల పెట్టగానే హెడ్ స్లూయిస్‌కి పరిగెత్తడు. సగం దూరంలో ఉన్న తూము దగ్గర నీళ్ళున్నాయో లేదో చూసి, ఎటు వెళ్ళాలో అప్పుడు తేల్చుకుంటాడు. మొన్న పనిచేసింది ఇవాళ చెయ్యకపోతే మార్పుల వరసలో సగం దగ్గర పరీక్షించే గిట్ బైసెక్ట్ చేసేది అదే.

టీసీపీ పనులకైతే నెట్‌వర్క్ నేమ్‌స్పేసులు (ఒకే మిషన్లో విడివిడి నెట్‌వర్కులు) రెండు, మధ్యలో వీఈథ్ జత (ఉత్తుత్తి కేబుల్), దాని మీద లైను దోషాలు నటించే నెటెమ్‌తో 100 మిల్లీసెకన్ల ఆలస్యం, నూటికి ఒక ప్యాకెట్ నష్టం పెట్టుకుంటే నీ లాప్‌టాప్‌లోనే అమెరికా దాకా లైను వేసినట్టు. డ్రైవర్ పనికి అది చాలదు, బోర్డే కావాలి. ఒక పక్క అప్‌లోడ్ నింపి ఇంకో పక్క పింగ్ కొట్టి, ముందు ఎంత, తర్వాత ఎంత అని రాసుకో. ఆ అంకెలు ప్యాచ్ వివరణలో ఉండాలి. ఏం మార్చావో కోడ్ చదివితే తెలుస్తుంది, ఎందుకు మార్చావో నువ్వు రాస్తేనే తెలుస్తుంది.

లినక్స్ నెట్‌వర్కింగ్ వాళ్ళకి పంపేటప్పుడు ఇది కొత్త సదుపాయం కాబట్టి వాళ్ళ నెట్ నెక్స్ట్ అనే కోడ్ చెట్టుకి పంపు, నెట్ అన్నది తప్పులు దిద్దడానికి. అసలు కెర్నల్‌లోకి కొత్తవి చేర్చుకునే మెర్జ్ విండో ఉన్న రెండు వారాలూ నెట్ నెక్స్ట్ మూసేసి ఉంటుంది, మన కాలువలు కట్టేసినట్టే. ఫంక్షన్ మొదట్లో వేరియబుల్స్ పొడుగు వరస పైన, పొట్టివి కింద పేర్చమంటారు, తలకిందులు గోపురంలా. నాకూ అది చాదస్తంగానే ఉంటుంది, వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాళ్ళ పద్ధతి. ఎవరైనా తప్పు చూపిస్తే అదే రోజు దిద్ది పంపెయ్యకు, కనీసం 24 గంటలు ఆగమని వాళ్ళే రాసుకున్నారు, మిగతావాళ్ళు కూడా చూడాలిగా. కింద సంతకం లైను పెట్టేముందు మీ ఆఫీసులో అడుగు. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని ఒప్పుకోవడమే ఆ సంతకం.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ బోర్డు పట్రా, ఇద్దరం కూర్చుని చూద్దాం. సీరియల్ కేబుల్ కూడా తేవాలి. నాది అటక మీద ఎలుక కొరికేసింది.

పెదనాన్న