ఏకీభావం 80 శాతం, నమ్మకం ఎంత?

ప్రశ్న: మా ఎం.ఎడ్. ప్రాజెక్టు కోసం 100 మంది తల్లిదండ్రుల చేత ఇంగ్లీషు మీడియం మీద తమ అభిప్రాయాన్ని నాలుగైదు వాక్యాల్లో రాయించాము. నేనూ నా స్నేహితురాలూ వాటిని విడివిడిగా చదివి, చెరి 85 జవాబులను ‘అనుకూలం’, 15 జవాబులను ‘వ్యతిరేకం’ అని గుర్తించాము. 80 జవాబుల్లో ఇద్దరి తీర్పూ కలిసింది. ఇది చాలదని మా గైడు అంటున్నారు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ గైడు అభ్యంతరం న్యాయమైనదే. ఇద్దరూ 85 జవాబులను ఒకే వైపు వేసినప్పుడు, అసలు చదవకుండా అదే నిష్పత్తిలో గుర్తులు పెట్టుకుంటూ పోయినా సగటున 74.5 చోట్ల తీర్పులు కలుస్తాయి. ఇలా కాకతాళీయంగా కలిసిన భాగాన్ని తీసివేసి మిగిలినదాన్ని కొలవడానికే మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కోహెన్ 1960లో ‘కప్పా’ అనే గుణకాన్ని ప్రతిపాదించారు. 80లో నుంచి 74.5 పోతే 5.5, 100లో నుంచి పోతే 25.5, మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే మీ కప్పా 0.22; పూర్తిగా ఏకీభవిస్తే అది 1 అవుతుంది. గణాంక శాస్త్రవేత్తలు లాండిస్, కోక్ 1977లో సూచించిన కొలబద్ద ప్రకారం గట్టి ఏకీభావం 0.61 దగ్గర మొదలవుతుంది.

అంకె కన్నా ముఖ్యమైనవి మీరు విభేదించిన ఆ 20 జవాబులు. మీరు రాసి పంపిన ఒకదాన్నే చూడండి: “ఇంగ్లీషు మీడియం మంచిదే గానీ, మా పాప ఇంటికొచ్చి ఏం చదివిందో చెప్పలేకపోతోంది.” మీరు ‘మంచిదే’ దగ్గర ఆగారు, మీ స్నేహితురాలు ‘గానీ’ తరువాతి మాటను పట్టుకున్నారు. ఆవిడ చూసిన చోటే సరైనదని నా అభిప్రాయం, ఎందుకంటే మనం మర్యాదకు ముందు ఒప్పుకొని, అసలు సంగతి చాలాసార్లు ‘గానీ’ తరువాతే చెబుతాము. అయినా ఆ తల్లిని వ్యతిరేకుల్లో చేర్చడం తొందరపాటే. ‘పర్వాలేదు’ అన్న మాట ఇంకా చిక్కు: అది మెచ్చుకోలో, సర్దుకుపోవడమో పక్క వాక్యం చూస్తే గానీ తేలదు.

అందువల్ల ‘మిశ్రమం’ అనే మూడో వర్గాన్ని చేర్చి, ఇటువంటి వాక్యాలను ఏ వర్గంలో వేయాలో ఉదాహరణలతో నియమాలు రాసుకోండి. చర్చించుకొని దిద్దుకున్న పాత గుర్తులతో కప్పా లెక్కకట్టవద్దు. కొత్తగా సేకరించిన జవాబులకు, ఒకరి గుర్తులు ఒకరు చూడకుండా, మళ్లీ వర్గాలు గుర్తించి, కప్పా లెక్కకట్టండి.

ఇంకొక్క మాట. జవాబులను చదివి గుర్తించేవారి సొంత అభిప్రాయం వారి తీర్పును ఒక పక్కకు లాగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు హోవ్‌లాండ్, షెరీఫ్ 1952లోనే చూపించారు. మీరిద్దరూ ఇంగ్లీషు మీడియాన్ని ఒకే విధంగా అభిమానించేవారైతే, కప్పా ఎంత పెరిగినా ఇద్దరూ కలిసి ఒకే పొరపాటు చేసి ఉండవచ్చు. మీతో ఏకీభవించని మూడో వ్యక్తి చేత కొన్ని జవాబులైనా చదివించండి.