అతుకు దగ్గర చూడండి

ప్రశ్న: మా ఫిల్మ్ క్లబ్బులో 1970ల నాటి జపాన్ సినిమా ఒకటి వేశారు. పెద్దలకు మాత్రమే. పడకటింటి దృశ్యాలు చాలా ఉన్నా కథ నిలిచింది, తీయడం కూడా చక్కగా ఉందనిపించింది. మిత్రులు మాత్రం "ఇలాంటి వాటికి నిర్మాణ విలువలేమిటి? ఒక మంచం, రెండు లైట్లు!" అని నవ్వారు. వీటి నాణ్యతను ఎలా అంచనా కట్టాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ మిత్రులను తప్పుపట్టను. ఒక మంచం, రెండు లైట్ల సినిమాలను చేతులారా ఆడించినవాణ్ని నేను. 1980లలో ఒక చిన్న పట్టణపు హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. ఉదయం ఆట సినిమాతో పాటు పేరు రాయని చిన్న డబ్బా ఒకటి విడిగా వచ్చేది. అందులోది 'బిట్టు', అంటే సినిమా మధ్యలో అతికించే బూతు ముక్క. మేనేజరు చెప్పిన చోట రీలు కత్తిరించి, దాన్ని టేపుతో అతికించేవాణ్ని. 35 ఎం.ఎం. ప్రింటులో బొమ్మకూ దాని శబ్దానికీ మధ్య 20-21 ఫ్రేముల ఎడం ఉంటుంది. అందుకని తెర మీద ముందు బొమ్మ మారేది, ముప్పాతిక సెకను దాటాక స్పీకర్లో 'టప్' మనేది. అప్పటిదాకా ఆకుపచ్చ గోడ ముందు నిలబడి మాట్లాడుతున్న నాయిక, ఎర్రబారి గీతలు పడిన మరో గదిలో, మరొకరి ఒంటితో ప్రత్యక్షమయ్యేది. హాలంతా ఈలలు. నాకేమో ఆ 'టప్' అంత గట్టిగా వినిపించిందే అని సిగ్గు. పనివాడి బుద్ధి మరి!

అప్పటినుంచి నాది ఒకటే కొలత. కథకూ ఆ దృశ్యానికీ మధ్య అతుకు కనిపిస్తోందా, లేదా?

మీరు చూసింది బహుశా జపాన్‌లోని నిక్కత్సు సంస్థ తీసిన 'రోమన్ పోర్నో' అనే శృంగార చిత్రాల వరసలో ఒకటి. 1912లో పుట్టిన పాత స్టూడియో అది. టీవీ వచ్చి ప్రేక్షకులు తగ్గాక 1971 నవంబరులో ఈ దారి పట్టి, 1988 దాకా నడిపింది. నిడివి 70 నిమిషాలకు అటూ ఇటూ, పది నిమిషాలకో శృంగార దృశ్యం, షూటింగు వారం పది రోజులు. ఈ హద్దుల్లో ఉంటే కథ దర్శకుడి ఇష్టం. డబ్బు తక్కువే. కానీ కెమెరా పట్టిందీ సెట్లు కట్టిందీ అంతకుముందు అదే స్టూడియోలో మామూలు సినిమాలకు పనిచేసిన చేతులే. అందుకే అన్నం తిన్న గదిలోని వెలుగే పడకగదిలోకీ వస్తుంది. కిటికీ ఎడమవైపు ఉంటే నీడ కుడివైపే పడుతుంది, ఒంటిమీద బట్టలున్నా లేకపోయినా.

అక్కడి చట్టం మర్మాంగాలు చూపనివ్వదు. పని రానివాళ్లు తెర మీద మసక పులిమి ఊరుకుంటారు. వచ్చినవాళ్లు ముందే ఆలోచించి కెమెరాకు అడ్డంగా ఒక దీపమో, పూలకూజానో పెడతారు. ఆ కూజా అంతకుముందు దృశ్యంలోనూ అక్కడే ఉందా? ఉంటే ఆ సెట్టును పట్టించుకున్న మనిషి ఒకరున్నట్టే.

తరువాత కాసేపు కళ్లు మూసుకోండి. ఆ చిత్రాలకు మాటలు, చప్పుళ్లు మన డబ్బింగులాగే తరువాత కలిపేవారు. చుట్టేసిన సినిమా అయితే దీపం ఆర్పగానే లోకం కూడా ఆరిపోతుంది. మూలుగులు, వాటి మీద ఒక పాట, అంతే. శ్రద్ధగా తీసినదైతే వీధిలో సైకిలు గంట, పక్కింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంటాయి. బొమ్మ తళతళలాడడమే నాణ్యత అనుకుంటున్నారు ఇప్పుడు. ఆ తళతళ నా మనవడి ఫోనులోనూ ఉంది.

నిక్కత్సువన్నీ గొప్పవని కాదు. పది నిమిషాల లెక్క కోసం కథను మెడపట్టి గదిలోకి తోసినవీ ఉన్నాయి. ఆ అతుకు కాగితం మీదే పడింది కనుక కెమెరామన్ ఏమీ చేయలేడు. మరోవైపు తత్సుమి కుమషిరో అనే దర్శకుడు ఈ వరసలో తీసిన ఒక చిత్రం 1972లో కినెమా జుంపో అనే జపాన్ సినిమా పత్రిక ఎంచిన పది ఉత్తమ చిత్రాల్లో చేరింది. ఈ సంగతి మీ మిత్రుల చెవిన వేయండి.

మళ్లీ ఆ సినిమా వేస్తే నాకొక కార్డు ముక్క రాయండి. వెనక వరుసలో కూర్చుంటాను. 'టప్' మంటే పట్టుకునే చెవి ఇంకా పనిచేస్తోంది.