ముప్పై ఆరుమంది వేసిన మార్కులు

హనుమకొండ

బిడ్డా శ్రావణీ,

నీ థీసిస్ ముసాయిదా చదివిన. దేశాల వ్యాపార వాతావరణాన్ని పోల్చడానికి గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ మానిటర్ నిపుణుల సర్వే (ఒక్కో దేశంల నిపుణులు పెట్టుబడి, రోడ్ల వంటి అంశాలకు మార్కులు వేసేది) తీసుకున్నవు, మంచిదే. కానీ క్రోన్‌బాక్ ఆల్ఫా 0.85 వచ్చింది కాబట్టి మార్కులు నమ్మొచ్చని ఒక్క వాక్యంల దాటేసినవు. వైవాలో అక్కడే పట్టుకుంటరు.

ఆల్ఫా చెప్పేది ఒక అంశం కింది ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నయని. నిపుణుల మాట కలిసిందని కాదు. కొందరు సర్కారు మీది కోపంతో అన్నిటికీ తక్కువేసి, కొందరు అభిమానంతో అన్నిటికీ ఎక్కువేసినా ఆల్ఫా పెరుగుతది.

మనుషుల మధ్య పొంతనకు ఇంట్రాక్లాస్ కోరిలేషన్ తియ్యి (వేర్వేరు నిపుణుల మార్కులు ఎంత కలిసినయో చెప్పే కొలత; 1 అంటే పూర్తిగా కలిసినట్టు). 0.10 వచ్చినా బెదరకు. దేశానికి కనీసం 36 మంది, అంటే 9 అంశాలకు నలుగురు చొప్పున ఉంటరు. ఎక్కువమంది సగటు తీస్తే నమ్మకం ఎంత పెరుగుతదో చెప్పే స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రంల పెడితే 36 మంది సగటుకు విశ్వసనీయత 0.80. ఒక ప్రశ్నకు 9 మందే జవాబిస్తే 0.50కి పడిపోతది. అందుకే ‘తెలియదు’లను ప్రశ్నవారీగా లెక్కపెట్టు. రోడ్ల సంగతి తెలిసినాయన కూడా పెట్టుబడి గురించి మార్కులు వేస్తడు. ఆ అంశం నిపుణుల సగటును మిగతావాళ్ల సగటు పక్కన పెట్టి చూడు.

ర్యాంకుల జోలికి పోకు. 0–10 స్కేలుల ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరినయో చెప్పేది) 2 అనుకుంటే 36 మంది సగటుకు 95 శాతం నమ్మకంతో అటూ ఇటూ 0.65 ఊగిసలాట. రెండు దేశాల మధ్య 0.9 తేడా లేకుంటే గెలుపోటములు చెప్పలేవు. పైగా వీళ్లను లాటరీ తీసి ఎంచలేదు, కాబట్టి అసలు అనిశ్చితి ఇంకా ఎక్కువే. ఏటా ప్యానెల్ మనుషులు మారుతరు. మార్కు పెరిగితే దేశం మారిందా, మనుషులు మారిండ్రా? రెండేండ్లూ జవాబిచ్చినోళ్లు దొరికితే వాళ్లనే విడిగా పోల్చు.

ఇంకో సంగతి. 36 మందీ ఒకే మాట మీద ఉండి కూడా తప్పు కావచ్చు, అందరూ ఒకే వైపు నుంచి చూస్తుంటే. వ్యాపారం ఎంత సులువో చూసి దేశాలకు ర్యాంకులిచ్చిన ప్రపంచ బ్యాంకు నివేదిక డూయింగ్ బిజినెస్ మన దేశాన్ని ఢిల్లీ, ముంబైలతోనే కొలిచేది (డేటా అవకతవకలు బయటపడి 2021 సెప్టెంబర్‌ల దాన్నే ఆపేసిండ్రు). సిరిసిల్ల మరమగ్గాల యజమానికి అప్పు ఎట్ల పుడుతదో అందుల యాడ కనిపిస్తది? వరంగల్‌ల నువ్వు సొంత ప్యానెల్ కూర్చేటప్పుడు ఇంక్యుబేటర్లోళ్లతోనే (కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే కేంద్రాలోళ్లు) నింపకు. నాలుగోవంతన్నా స్వయంగా వ్యాపారం నడిపేటోళ్లు ఉండాలె.

ముందు మూడో అధ్యాయంల ర్యాంకుల పట్టిక తీసేసి, ప్రతి సగటు పక్కన జవాబిచ్చినోళ్ల సంఖ్య, అటూ ఇటూ హద్దులు పెట్టి పంపు.

నీ పెదనాయన