వాన లెక్క సాధారణమే అంటున్నా రైతులు ఎందుకు నష్టపోయామంటారు?

"వర్షపాతం సాధారణం అని చెప్పిన ఏడాది కూడా పంట పోయిందంటారేంటి?" అని ఒకరు అడిగారు. మాది హనుమకొండ జిల్లా పరకాల వైపు ఒక ఊరు. 2023లో మా నాలుగెకరాల పత్తికి ఏమైందో చెప్తాను.

ఆ ఏడాది జూన్ 1న కేరళకు రావాల్సిన రుతుపవనాలు 8న వచ్చాయి. టీవీలో "రైతులకు చల్లని కబురు" మొదలైంది. ఈ చల్లని కబురు మీద నాకు చాలా కోపం. కేరళలో వాన పడితే మా ఊళ్లో విత్తనాల దుకాణం ముందు లైను కడతారు. నాయన కూడా ఎనిమిది ప్యాకెట్లు తెచ్చాడు. ప్యాకెట్ రేటు 853 రూపాయలు, బిల్లు మాత్రం ఇవ్వలేదు.

మృగశిర దాటిన నాలుగైదు రోజులకు ఒక రాత్రి ఉరుములతో అరగంట వాన కొట్టింది. పొద్దున్నే నాయన చేన్లో మట్టి తీసి పిసికి చూశాడు. ముద్ద కట్టింది. పత్తి పెట్టాలంటే కనీసం 60 మిల్లీమీటర్లు పడాలని వ్యవసాయ శాఖ వాళ్లు ప్రతి ఏడూ చెప్తారు. ఆయనకూ తెలుసు. కానీ పక్క చేన్లో అప్పటికే అచ్చు కొట్టేశారు (గింజలు పెట్టడానికి సాళ్లు గీసేశారు), కూలీలు మళ్లీ దొరుకుతారో లేదోనని టెన్షన్. గింజలు పెట్టించేశాం.

ఆ తర్వాత పది రోజులు చినుకు లేదు. ఆరో రోజు నేను ఒక అచ్చు వెంట గింజలు తవ్వి చూశాను. పైన మట్టి పెంకులా గట్టిపడింది. లోపల గింజ ఉబ్బి, తెల్లటి మొలక దారప్పోగంత బయటికొచ్చి, అక్కడే నల్లబడి ఎండిపోయింది. మొలకెత్తకపోయినా బాగుండేది, తర్వాతి వానకైనా లేచేది. బోరున్న వాళ్ల దగ్గర్నుంచి బిందెలతో నీళ్లు మోసి, అమ్మా నేనూ గింజ గింజకూ చెంబుతో పోశాం. రెండు రోజులకు అరెకరం కూడా తడవలేదు. చల్కలో, అంటే తేలికపాటి ఎర్ర నేలలో పెట్టిన రెండెకరాలు పోయాయి, మళ్లీ విత్తాం.

జులై వచ్చింది. 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది, మాకు పెద్ద దూరం కాదు. ఈసారి రేగడి చేను మునిగింది. మూడు రోజులు నీళ్లు నిలిచి, వేర్లకు ఊపిరాడక మొక్కలు తలలు వేలాడేశాయి. జూన్‌లో బతికిన చేను జులైలో పోయింది.

ఆగస్టులో రుతుపవన ద్రోణి, అంటే వానల్ని తెచ్చే అల్పపీడన పట్టీ, హిమాలయాల వైపు జరిగి అక్కడే ఉండిపోయింది. అలా జరిగినప్పుడు వానంతా కొండల కింద పడుతుంది, మనకు ఎండ. 1901 నుంచి చూస్తే దేశం మొత్తానికి అంత పొడి ఆగస్టు లేదు. మిగిలిన పత్తికి అప్పుడే గూడ (మొగ్గ), పూత వస్తున్నాయి. పొద్దున చేన్లోకి వెళ్తే సాళ్ల మధ్య రాలిన గూడ పరిచినట్టు ఉండేది. మఖ, పుబ్బలు వరుపైతే మహాక్షామమని పెద్దలు ఊరికే అనలేదు.

సెప్టెంబరులో మళ్లీ పడింది. నాలుగు నెలలు కలిపి చూస్తే తెలంగాణకు వాన తక్కువేమీ కాదు, దేశానికి సగటులో 94 శాతం. ఇప్పుడు చెప్పండి, మాకు వాన పడినట్టా, పడనట్టా?

నన్నడిగితే రైతుకు సెంటీమీటర్ల లెక్కే చెప్పకూడదు. వానకీ వానకీ మధ్య ఎన్ని రోజుల ఎడం వచ్చిందో అదే చెప్పాలి, మండలం వారీగా చెప్పాలి. చెరువులు నిండుంటే ఆ ఎడాన్ని తట్టుకుంటామనే కాకతీయులు గొలుసుకట్టుగా తవ్వించారు. మా ఊరి చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) సగం ఇప్పుడు ప్లాట్లయింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

నాయన వాన పడిన తేదీల కింద క్యాలెండర్‌లో పెన్సిల్‌తో గీత పెడతాడు. చేను తడిస్తేనే గీత, చూరు తడిస్తే పెట్టడు. 2023 క్యాలెండర్ ఇంకా మేకుకే ఉంది. జులై పేజీలో చివరి వారమంతా గీతలే. ఆగస్టు పేజీలో మూడు.