కొండ మీద ఇల్లు కడతానన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. వచ్చే ఏడాది రిటైరయ్యాక వైజాగ్ ఫ్లాటు అద్దెకిచ్చేసి, ఒడిశాలో మా కొరాపుట్ వైపు కొండ మీద అరెకరం కొని ఇల్లు కట్టుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పొట్టంగి దగ్గర ఎవరో చూపించిన స్థలం ఫొటోలు కూడా చూశాను. మబ్బులు బాగున్నాయి. రోడ్డు, కరెంటు స్తంభం, నీళ్ళు మాత్రం ఒక్క ఫొటోలోనూ కనిపించలేదు.

సునాబేడలో ఉద్యోగం చేసి, పక్కనే సిమిలిగుడలో ఇల్లు కట్టుకుని ముసలివాణ్ణవుతున్నవాణ్ణి కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. కొండ కనిపించే చోట కొనుక్కో, కొండ మీద వద్దు. ఊరి అంచున, తారురోడ్డుకి దగ్గరగా, వాలు తక్కువున్న మెరక చూసుకో. పట్టా, నీళ్ళు, మోకాళ్ళు, ఏ లెక్కన చూసినా నాకు అదే తేలుతోంది.

ముందు కాగితాల సంగతి. అరకులో అడిగితే 1/70 చట్టం ఒప్పుకోదన్నారని ఇటు తిరిగావు. అక్కడి ఏజెన్సీలో అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, మనం కొనలేం. సరిహద్దు దాటితే ఆ బాధ లేదని బ్రోకర్లు చెబుతారు. అది సగం నిజం. పాత కొరాపుట్ జిల్లా, అంటే ఇప్పటి కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి నాలుగూ పూర్తిగా, గిరిజన ప్రాంతాల కోసం రాజ్యాంగంలో పెట్టిన అయిదో షెడ్యూలు కింద ఉన్నాయి (వీటినే షెడ్యూల్డ్ ఏరియా అంటారు). ఇక్కడ గిరిజనుల భూమి చేతులు మారడం మీద 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ నడుస్తుంది. 2002లో దాన్ని బిగించాక గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి రావడానికి దారి లేదు. గిరిజనేతరుడి దగ్గర గిరిజనేతరుడు కొనడం మీద మాత్రం ఆంధ్రా ఏజెన్సీలో ఉన్నట్టు నిషేధం లేదు. నీకున్న దారి అదొక్కటే.

అందులోనూ ఒక మెలిక ఉంది. ఇవాళ అమ్మేవాడు షావుకారే కావచ్చు. వాళ్ళ నాన్న దాన్ని ఎవరి దగ్గర తీసుకున్నాడు? 1956 అక్టోబరు 4 తర్వాత చట్టవిరుద్ధంగా గిరిజనుడి చేతి నుంచి జారిన భూమి అని తేలితే, దాన్ని ఆ కుటుంబానికి తిరిగి ఇప్పించే అధికారం సబ్ కలెక్టరుకి ఉంది. మధ్యలో ఎన్ని చేతులు మారాయో, నువ్వు ఎంత పెట్టి కట్టావో చెప్పుకుంటే వినేవాడుండడు. వినకూడదని కూడా నేనంటాను. ఒక బస్తా ధాన్యం అప్పుకి ఎకరాలు రాయించుకున్న కథలు ఈ కొండల్లో ప్రతి ఊళ్ళోనూ చెబుతారు.

అందుకని పట్టా ఒక్కటి చూసి తృప్తి పడకు. ఇక్కడి పట్టా ఒడియాలో ఉంటుంది. రైతు పేరు, తండ్రి పేరు, కులం, ఊరు అన్నీ రాసి ఉంటాయి. ఒడిశా భూరికార్డుల భూలేఖ్ వెబ్‌సైట్లో ఖాతా నంబరు కొడితే ఇప్పటిది వస్తుంది. పాత సెటిల్‌మెంటు నాటి పట్టా నకలు కూడా తీయించు. అందులో కులం గడిలో కొంధ అనో, పరజా అనో, గదబ అనో గిరిజన తెగ పేరు కనిపిస్తే అక్కడితో ఆగిపో. షెడ్యూల్డ్ కులం వారి భూమైతే రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనీసం ముప్పై ఏళ్ళకి ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించు. ఒడియా చదవగలిగిన, అమ్మేవాడితో ఏ సంబంధమూ లేని వకీలుకి డబ్బిచ్చి చదివించు. బ్రోకరు చదివి వినిపిస్తానంటే వద్దను.

"పవరాఫ్ అటార్నీ చేయిద్దాం", "99 ఏళ్ళ లీజు రాయిద్దాం", "మా పనివాడు ఆదివాసీ, వాడి పేరున పెడదాం" అని మూడు మాటలు వింటావు. ఏది విన్నా టీ తాగేసి లేచి వచ్చెయ్యి. ఇంకొకరు చట్టం సడలించారని చెబుతారు. 2023 నవంబరులో క్యాబినెట్ ఆ నిర్ణయం తీసుకున్న మాట నిజమే. గొడవ రేగడంతో కొద్ది రోజుల్లోనే దాన్ని పక్కన పెట్టేశారు.

ఇక నీ ఫొటోలోని కొండవాలు. పాత సర్వేలో పది డిగ్రీలకు మించి వాలున్న భూమిని చాలాచోట్ల కొలవకుండా సర్కారు ఖాతాలో వేసేశారు. తరతరాలుగా అక్కడ పోడు చేసుకుంటున్నవాళ్ళకి పట్టాలే లేవు. కాబట్టి "మా తాతల నాటి డొంగర్ భూమి" అని ఒకాయన చూపిస్తే ఆయన అబద్ధమాడుతున్నట్టు కాదు, కానీ అమ్మే హక్కు ఆయనకి లేదు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అయితే వారసులకి వెళుతుంది తప్ప అమ్మడం కుదరదు. ఏ కొండవాలైనా నీకు చవగ్గా వస్తోందంటే ఈ రెండింట్లో ఒకటి అయ్యుంటుంది.

పట్టాలో కిసమ్, అంటే భూమి రకం, అని ఒక గడి ఉంటుంది. ఘరబారి అని ఉంటే ఇల్లు కట్టుకోవచ్చు. సాగుభూమి అయితే భూసంస్కరణల చట్టం 8-ఎ కింద తహసీల్దారుకి దరఖాస్తు పెట్టి, ప్రీమియం కట్టి మార్పించుకోవాలి. అమ్మేవాడి చేతే ఆ పని చేయించి తర్వాత రిజిస్ట్రేషను పెట్టుకో. రెండు రూపాయలు ఎక్కువ అడిగినా ఇవ్వు. గోచర్ (మేత భూమి), జంగల్ (అడవి), రఖిత (సర్కారు అట్టిపెట్టుకున్నది) అని ఉన్న ప్లాటు పక్కనే ఉంటే, భూమి కొలిచే అమీన్‌ని పెట్టి హద్దురాళ్ళు వేయించాకే డబ్బు తియ్యి. వీళ్ళు డెసిమల్ అంటారు. మన సెంటే అది, వంద అయితే ఎకరం. రిజిస్ట్రేషను మీ ఆవిడ పేరున పెట్టు. ఆడవాళ్ళకి స్టాంపు డ్యూటీ ఒక శాతం తక్కువ.

పొట్టంగి బ్లాకులోనే కొటియా పంచాయతీ ఉంది. అక్కడి 21 గ్రామాలు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా తగువులాడుకుంటున్నాయి, 1968లోనే అది సుప్రీంకోర్టుకెక్కింది. రెండు ప్రభుత్వాలూ రోడ్లు వేస్తాయి, రేషన్ ఇస్తాయి. ఊరివాళ్ళకి ఎలా ఉన్నా, మనం వెళ్ళి ఇల్లు కట్టుకునే చోటు కాదు. అన్నట్టు, గజపతి జిల్లా వైపు చూస్తే పర్లాకిమిడి పట్టణం, కాశీనగరం షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. అక్కడా గుమ్మ, రాయగడ బ్లాకులు మాత్రం షెడ్యూల్డ్ ఏరియాలోవే. ఈ రాయగడ వేరు, రైలు స్టేషనున్న రాయగడ జిల్లా వేరు. ఫోనులో ఎవరైనా రాయగడ అంటే ఏది అని అడుగు.

ఇప్పుడు నేల సంగతి. ఈ కొండల్లో నేల చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ, చాలాచోట్ల పైన ఎర్రమట్టి, కింద మెత్తబడిన రాయి. నీరు దిగితే ఆ రెండింటి మధ్య జారుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా బరఘరాలో కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. సముద్రానికి దూరంగా ఉన్నాం కాబట్టి తుపాను మనదాకా రాదు అనుకునేవాళ్ళకి ఆ మాట చెబుతూ ఉంటాను. స్థలం చూసేటప్పుడు చెట్ల మొదళ్ళు వంగి మళ్ళీ నిటారుగా లేచాయేమో చూడు. అలా ఉంటే ఆ మట్టి కదులుతోందన్నమాట. కొండ పాదంలో కొత్తగా పోసినట్టు మట్టి గుట్ట, నేల మీద అడ్డంగా చీలికలు, ఇదివరకు లేనిచోట ఊట, ఏది కనిపించినా వెనక్కి వచ్చెయ్యి.

కాస్త వాలున్న స్థలంలో పొక్లెయిన్ పెట్టి పై వైపు తవ్వి, ఆ మట్టినే కింది వైపు పోసి చదును చేస్తారు. ఇల్లు తవ్విన నేల మీద కూర్చోవాలి. పోసిన మట్టి మీద పూలమొక్కలు వేసుకో, కారు పెట్టుకో, గోడ మాత్రం లేపకు. ఇంటి పై వైపు నీళ్ళు పక్కకి మళ్ళించే కాలువ తవ్వించు. రాతి గోడ కడితే నీరు బయటికి రావడానికి కన్నాలు వదలమని మేస్త్రీకి దగ్గరుండి చెప్పు. వదులుతానంటాడు, సిమెంటు పనిలో పడి మర్చిపోతాడు. పల్లంలో ఝోలా భూములు పచ్చగా కనిపిస్తాయి. అవి గెడ్డ దారిలో వేసిన వరి మడులు, అక్కడ పునాది తియ్యకూడదు.

మీ వైజాగ్ వాళ్ళందరూ దసరా తర్వాత వచ్చి స్థలాలు చూస్తారు. అప్పుడు ప్రతి గెడ్డలోనూ నీళ్ళుంటాయి, ప్రతి కొండా పచ్చగా ఉంటుంది. నువ్వు మే నెలలో రా. పక్కవాళ్ళ బావిలో చేద దింపి చూడు. ఆ ఊరి ఆడవాళ్ళు నీళ్ళకి ఎంత దూరం నడుస్తున్నారో చూడు. మళ్ళీ ఆగస్టులో వచ్చి ఆ రోడ్డు మీద ఆటో ఎక్కు. ఊరి ఊట నీ స్థలంలో ఉందని మురిసిపోకు. దానికి కంచె వేసిన రోజు నుంచి నీకు పలకరించేవాడుండడు. ఇక్కడ వాన ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్లు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద పడిన నీళ్ళు పోయినవి పోగా లక్ష లీటర్లకి తగ్గవు. పెద్ద సంపు కట్టించుకో. సెప్టిక్ ట్యాంకు బావికి కింది వైపు, కనీసం యాభై అడుగుల దూరంలో ఉండాలి.

ఇల్లు ఎలా కట్టాలో నీకు చెప్పనక్కర్లేదు, ఇంజనీరువి. ఒక్క అంతస్తు చాలు. మెట్ల పక్కన అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవున ర్యాంపు, మూడడుగుల తలుపులు, బాత్రూములో పట్టుకునే కడ్డీలు ఇప్పుడే పెట్టించు. పడక గది దక్షిణానికి ఉండనీ, డిసెంబరు చలికి ఆ ఎండే దిక్కు. కిటికీలన్నిటికీ దోమ జాలీ పెట్టించు. ఈ జిల్లాల్లో మలేరియా తగ్గిందంటున్నారు గానీ వచ్చేది ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారమ్ రకం. పిడుగులు ఎక్కువ, ఎర్తింగుకి కక్కుర్తి పడకు. పునాది సంక్రాంతి లోపు, శ్లాబు మే లోపు అయిపోవాలి.

ఆసుపత్రి దగ్గర మాత్రం ఆలోచించు. కొరాపుట్‌లో 2017లో షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరున మెడికల్ కాలేజీ వచ్చింది, ఇది మాకు పెద్ద ధైర్యం. సిమిలిగుడ నుంచి అరగంట పైచిలుకు. అంతకు మించిన అవసరం పడితే సాలూరు మీదుగా వైజాగ్, నాలుగైదు గంటలు. నీ ఫొటోలోని స్థలం నుంచి అంబులెన్సు ముందు కిందికి దిగాలి, అసలు పైకి ఎక్కితే. మీ ఆవిడకి బీపీ అని మీ అమ్మ చెప్పింది. నువ్వు బండి నడపలేని రోజు ఆమె ఒక్కతే ఏం చేస్తుందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. కొండ మీద ఇల్లన్నది చాలాసార్లు మగవాళ్ళ కోరికే అయ్యుంటుంది, ఆడవాళ్ళని అడిగితే పక్కింటివాళ్ళు కావాలంటారు.

అందుకే కొనే ముందు ఒక ఏడాది సిమిలిగుడలోనో సునాబేడలోనో అద్దెకుండండి. రాజవీధిలా రోడ్డుంది, తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. కుందులి సంతకి వెళ్ళి కూరలు కొనుక్కుంటూ ఇక్కడి జనం మాట్లాడే దేశియా నాలుగు ముక్కలు నేర్చుకో. జూన్ నుంచి అక్టోబరు దాకా ముసురు, బట్టలు ఆరకపోవడం, గోడలకి బూజు, కరెంటు పోవడం అన్నీ చూశాక కూడా ఇద్దరికీ ఇక్కడే ఉండాలనిపిస్తే అప్పుడు స్థలం వెతుకుదాం. తెలిసిన అమీన్ ఒకాయన ఉన్నాడు, నెమ్మదస్తుడు గానీ చెయ్యి చాపడు.

మే రెండో వారంలో బయల్దేరు. ఆ పొట్టంగి స్థలం ఖాతా నంబరు, ప్లాటు నంబరు ముందే వాట్సాప్‌లో పంపు, పాత పట్టా తీయించి పెడతాను. అప్పటిదాకా ఆ బ్రోకరుకి పదివేలు కూడా బయానా ఇవ్వొద్దు.

నీ మామయ్య
సిమిలిగుడ